పట్టాల కింది అంగళ్లు, సెకండ్‌హ్యాండ్ స్పీకర్లు

1980ల చివర్లో టోక్యోలోని అకిహబారాకు స్పీకర్లు కొనడానికి వచ్చినవాడికి పెద్ద చిక్కే ఎదురయ్యేది. పెద్ద దుకాణాల్లో కొత్త జపనీస్ స్పీకర్లు బారులు తీరి ఉండేవి. ఒక్కోదాని ధర 59,800 యెన్లు. జత తీసుకుంటే 1,20,000కు రవ్వంత తక్కువ. ఆ డబ్బుకు మరికొంత కలిపి సెకండ్‌హ్యాండ్ దుకాణానికి వెళితే అక్కడ ఇంకో లోకం. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో కలవారి ఇళ్లలో, రేడియో స్టేషన్లలో, సినిమా హాళ్లలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన సామాను. గీతలు పడినది, వాల్వులు మార్చవలసినది, ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేనిది. కానీ కొత్తగా ఉన్న రోజుల్లో మామూలు ఉద్యోగి దాని దరిదాపులకు కూడా పోలేనిది.

కొత్త మధ్యరకమా, పాత మేలురకమా? పాటంటే ప్రాణం, జేబులో మాత్రం కొద్ది డబ్బు ఉన్నవాళ్లందరికీ ఈ ప్రశ్న తెలుసు. జపాన్‌లో మాత్రం ఇది ఒక వ్యాపారంగా, చేతిపనిగా ఎదిగి, చివరికి ప్రభుత్వంతో తగువు దాకా వెళ్లింది. ఆ కథలో పదేపదే కనిపించేది ఒక్కటే: పాత మేలురకం గెలిచిన ప్రతిచోటా, దాని మూత విప్పి బాగుచేయగల మనిషి ఒకడు దగ్గర్లోనే ఉన్నాడు.

అకిహబారా పుట్టుకే పాత సామానుతో ముడిపడి ఉంది. 1945 నాటి వైమానిక దాడుల్లో టోక్యో చాలా భాగం బూడిదైంది. యుద్ధం ముగిశాక కాందా ప్రాంతపు వీధుల్లో, సైన్యం దగ్గర మిగిలిపోయిన వాల్వులూ కాయిళ్లూ మీటర్లూ రోడ్డు పక్కన పరిచి అమ్మారు. నేడు టోక్యో డెంకి విశ్వవిద్యాలయంగా ఉన్న ఎలక్ట్రికల్ విద్యాసంస్థ అప్పట్లో దగ్గర్లోనే ఉండేది. అక్కడి విద్యార్థులు ఆ భాగాలు కొని రేడియోలు బిగించి అమ్మి, నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు. కంపెనీ రేడియో మీద పన్ను భారం ఉండటంతో ఇలా విడిభాగాలతో బిగించిన రేడియో బాగా చవకగా పడేది. వార్తల కోసం, పాటల కోసం జనం మొహం వాచి ఉన్న రోజులవి.

1949లో అమెరికా ఆక్రమణ సేనల ప్రధాన కార్యాలయం రోడ్ల మీది అంగళ్లు ఎత్తేయమంది. బతుకుతెరువు పోతుందని వ్యాపారులు మొరపెట్టుకున్నారు. చివరికి అకిహబారా స్టేషన్ దగ్గర, రైలు పట్టాల కిందా ఆ చుట్టుపక్కలా వాళ్లకు చోటు దొరికింది. ఒక్కో అంగడి ఒక మనిషి కూర్చుంటే నిండిపోయేంత. ఒకడు స్విచ్చులే అమ్మితే, పక్కవాడు వాల్వులే అమ్ముతాడు, ఆ పక్కవాడు ట్రాన్స్‌ఫార్మర్లు. పైన రైలు పోతుంటే కింద బేరాలు సాగేవి. అదే ఏడు జపాన్ పాత వస్తువుల వ్యాపారానికి ప్రత్యేకంగా చట్టం చేసింది. సెకండ్‌హ్యాండ్ సరుకు అమ్మాలంటే అనుమతి పత్రం ఉండాలి, ఎవరి దగ్గర కొన్నదీ చిట్టాలో రాసుకోవాలి. దొంగసొత్తు అరికట్టడానికి తెచ్చిన నియమం అది. దానివల్ల సెకండ్‌హ్యాండ్ కొట్టు అనుమానంగా చూడనక్కర్లేని చోటుగా జపాన్‌లో నిలబడింది.

మంచి ఆడియో ఎలా వినబడుతుందో జపాన్ జనానికి రుచి చూపించినవి కాఫీ కొట్లు. జాజ్ కిస్సా అని పిలిచే ఈ కొట్లలో కాఫీ ఒకటి కొనుక్కుని, గంటల తరబడి నోరు మెదపకుండా కూర్చుని రికార్డులు వినేవారు. యోకొహామాలోని చిగూసా 1933లోనే మొదలైంది. 1950లలో విదేశీ ఎల్పీ రికార్డు కొనడం మామూలు ఉద్యోగికి తలకు మించిన పని. ఇక ఆంప్లిఫయర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అమెరికాలో 1950ల చివర వచ్చిన మారాంజ్ మోడల్ 7 ప్రీఆంప్లిఫయర్ ధర సుమారు 250 డాలర్లు. డాలరుకు 360 యెన్లు లెక్కన అది 90,000 యెన్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పట్టభద్రుడికి అది ఎన్నో నెలల జీతం. అందుకే కొట్టు యజమాని అప్పో సప్పో చేసి కొంటే, ఊరంతా కాఫీ ఖరీదుతో విన్నది. 1970లో ఇచినోసెకి అనే చిన్న ఊళ్లో షోజీ సుగవారా తెరిచిన బేసీ అనే కొట్టు తన అమెరికా జేబీఎల్ స్పీకర్ల వల్లనే దేశమంతటా పేరు తెచ్చుకుంది. అలాంటి చోట్ల చెవి పదును పెట్టుకున్న కుర్రాళ్లు తర్వాత చేతికి డబ్బు వచ్చాక ఏం వెతుక్కుంటూ అకిహబారాకు వచ్చారో ఊహించడం కష్టం కాదు.

వాళ్లు వెతికే సరుకును పడమటి దేశాలు ఆ సరికే వదిలించుకుంటున్నాయి.

అమెరికాలో మాట్లాడే సినిమా వచ్చిన తొలి రోజుల్లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ థియేటర్లకు సౌండ్ సామాను అద్దెకిచ్చేది. దాని 555 డ్రైవర్, వెంట్, థురాస్ అనే ఇంజనీర్లు తీర్చిదిద్దినది, 1926 నాటిది. దానికి పెద్ద కొమ్ము బిగిస్తే కొద్ది వాట్ల శక్తితోనే హాలు నిండేది. అప్పటి ఆంప్లిఫయర్లకు పెద్దగా శక్తి ఉండేది కాదు. ఉన్న కొద్దిపాటి శక్తిలో రవ్వ కూడా వృథా కాకుండా తయారుచేయక తప్పలేదు. పెద్ద ఆంప్లిఫయర్లూ, 1953లో సినిమాస్కోపూ వచ్చేసరికి ఈ సామాను అడ్డంగా తోచింది. కొన్ని పాడుపడిన హాళ్లలో తెర వెనక మిగిలిపోయాయి, చాలావాటిని విరగ్గొట్టారు. మిగిలినవే దశాబ్దాల తర్వాత జపాన్‌కూ, కొరియాకూ ఓడలెక్కాయి.

ఇళ్లలో వచ్చిన మార్పు వేరు. 1958లో స్టీరియో రికార్డులు అంగట్లోకి రాగానే ప్రతి ఇంటికీ రెండో స్పీకరు కావలసి వచ్చింది. బీరువా అంత స్పీకర్లు ఒకటి పెట్టడానికే చోటు చాలని ఇళ్లవి. ఎడ్గార్ విల్చర్ కనిపెట్టిన చిన్న మూసిన పెట్టె స్పీకర్లు, ఏఆర్ కంపెనీవి, ఆ సమయానికి సరిగ్గా దొరికాయి. పెద్ద కొమ్ము స్పీకర్లు గ్యారేజీల్లోకి వెళ్లాయి.

ఇంగ్లండ్‌లో గారార్డ్ 301 కథ ఇంకా చిత్రమైనది. స్విండన్ పట్టణంలో 1950ల తొలి భాగం నుంచి తయారైన ఈ రికార్డు ప్లేయర్ బీబీసీ స్టూడియోల్లో కూడా తిరిగింది. బలమైన మోటారు తిప్పే రబ్బరు చక్రం బరువైన పళ్లేన్ని అంచు లోపలి నుంచి ఒరుసుకుంటూ తిప్పుతుంది. 1960లలో బెల్టు ప్లేయర్లూ, 1970లో టెక్నిక్స్ ఎస్పీ-10తో డైరెక్ట్ డ్రైవూ వచ్చాక, రబ్బరు చక్రం గురగుర చప్పుడు చేస్తుందనే మాట బాగా పాకింది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ చక్రం అరగకుండా, బేరింగు శుభ్రంగా, కింద బరువైన పీఠంతో ఉన్న 301లో ఆ గురగుర వినబడేది చాలా తక్కువ. ఆ మోటారు బలం వల్ల పాటలోని తాళానికి వచ్చే పట్టు మాత్రం చెవికి తెలిసిపోతుంది. ఇంగ్లండ్ వాళ్లు వద్దనుకున్న రోజుల్లోనే జపాన్ వాళ్లు దీన్ని ఏరుకున్నారు. తొలి బూడిదరంగు 301లలో బేరింగుకు గ్రీజు పెట్టేవారని, తర్వాతి మీగడ రంగువాటికి నూనె పోసేవారని, రంగు చూసి లోపలి పనితనం చెప్పగలిగే వ్యాపారులు అక్కడ తయారయ్యారు.

దిగుమతికి దారి తెరిచింది యెన్ విలువ. 1971 దాకా డాలరుకు 360 యెన్ల దగ్గర కట్టేసి ఉన్న మారకం ఆ తర్వాత సడలింది. 1985 సెప్టెంబరులో డాలరు విలువ దించేందుకు ప్లాజా ఒప్పందం కుదిరే నాటికి డాలరు 240 యెన్ల దగ్గర ఉంది. మూడేళ్లు తిరిగేసరికి దాదాపు సగానికి పడింది. అమెరికాలో పాత మెకింతోష్ ఆంప్లిఫయర్‌కు అడిగే ధర ఏమీ మారకపోయినా, జపాన్ కొనుగోలుదారుకు సగం చవకైంది. 1976లో వచ్చిన జేబీఎల్ 4343 స్పీకరు ఒక్కొక్కటి దాదాపు 80 కిలోలు. ప్లాజాకు ముందే, ఇరుకు ఇళ్ల దేశంలో కూడా అది ఎంతో ఆదరణ పొందింది.

సరుకు దిగాక అసలు పని మొదలయ్యేది. జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు. 117 వోల్టులకు చేసిన అమెరికా ఆంప్లిఫయర్‌ను నేరుగా తగిలిస్తే వాల్వులు మసకగా వెలుగుతాయి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. అంతకన్నా పెద్ద తిరకాసు ఫ్రీక్వెన్సీది. పందొమ్మిదో శతాబ్దం చివర టోక్యో జర్మనీ నుంచి జనరేటర్లు తెప్పించుకుంది, ఒసాకా అమెరికా నుంచి. అందుకని ఇవాళ్టికీ తూర్పు జపాన్‌లో 50 హెర్ట్జ్, పడమటి జపాన్‌లో 60. గారార్డ్ మోటారు వేగం ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 50కి చేసిన పుల్లీతో ఒసాకాలో తిప్పితే పాట అయిదో వంతు వేగంగా పరుగెత్తుతుంది. టోక్యోలో కొన్న 301ని ఒసాకా తీసుకుపోవాలంటే పుల్లీ మార్చక తప్పదు. పట్టాల కింది అంగళ్లు దేనికి పనికొచ్చాయో ఇక్కడ తెలుస్తుంది. పుల్లీ, ట్రాన్స్‌ఫార్మర్, సరిపడే వాల్వు, వాటిని బిగించే మెకానిక్, నాలుగూ నడిచిపోయేంత దూరంలో ఉన్న చోటు ప్రపంచంలో ఇంకెన్ని ఉన్నాయి?

పాత సామాను నమ్మకంగా కొనడానికి ఇంకో కారణాన్ని అమెరికా తయారీదారే ఇచ్చాడు. న్యూయార్క్ రాష్ట్రం బింగమ్టన్‌లోని మెకింతోష్ కంపెనీ 1962 నుంచి 1991 దాకా ఊరూరా దుకాణాల్లో క్లినిక్కులు నడిపింది. కంపెనీ తరఫున డేవ్ ఓబ్రయన్ కొలత పరికరాలు పట్టుకుని తిరిగేవాడు. ఎవరైనా, ఏ కంపెనీ ఆంప్లిఫయర్నైనా తెచ్చుకోవచ్చు. ఉచితంగా కొలిచి, ఏ శ్రుతి దగ్గర ఎంత వక్రీకరణ ఉందో కాగితం మీద గీత గీసి చేతికిచ్చేవారు. ఇది అమ్మకాల కోసం చేసిన ప్రచారమే. దానివల్ల జనానికి దక్కిన మేలు మాత్రం ప్రచారాన్ని మించింది. మాటల్లో పొగడ్త కాకుండా కొలతతో మాట్లాడటం కొనేవాడికి అలవాటైంది. పదేళ్లు వాడిన ఆంప్లిఫయర్ కూడా కొత్తదానిలాగే కొలతకు నిలబడుతుందని కళ్లారా చూశాడు. సెకండ్‌హ్యాండ్ మెకింతోష్ ధర పడిపోకుండా కాసినవాటిలో ఈ కాగితాలు కూడా ఉన్నాయి. 1990లో ఆ కంపెనీనే జపాన్‌కు చెందిన క్లారియన్ కొనుక్కుంది.

ఇక అవతలి పక్షం. 59,800 యెన్ల స్పీకర్ల పోటీని జపాన్‌లో నేటికీ 598 యుద్ధం అని చెప్పుకుంటారు. ఆన్‌క్యో, డయాటోన్, విక్టర్, కెన్‌వుడ్ లాంటి కంపెనీలు అదే ధరలో ఒకదాన్ని మించి ఒకటి సామాను కుక్కాయి. ఏటేటా కొత్త మోడల్. మూడు స్పీకర్ల పెట్టె, కింద 30 సెంటీమీటర్ల పైచిలుకు వూఫర్, పెద్ద అయస్కాంతం, మందపాటి చెక్క. పెట్టె బరువు 30 కిలోలు దాటిపోయింది. ఆన్‌క్యో డి-77 వరస ఈ పోటీలో పేరు తెచ్చుకున్నదే.

ఈ బరువు పిచ్చిలో ఒక విమర్శకుడి మాటకు చాలా విలువ ఉండేది. తెత్సువో నాగాఓకా అంతకుముందు హాస్య నాటికలు రాసినవాడు. ఎఫ్‌ఎం ఫ్యాన్ లాంటి పత్రికల్లో ఆయన రాసే సమీక్షల కోసం పాఠకులు కాచుకుని ఉండేవారు. పెట్టె మూత విప్పేవాడు, భాగాలు చూసేవాడు, త్రాసు మీద పెట్టేవాడు. పెట్టిన డబ్బుకు లోపల ఎంత సరుకుందన్నదే ఆయన లెక్క. ఖరీదైన విదేశీ పేర్లకు ఆయన తలవంచలేదు. స్పీకరు పెట్టెలు చెక్కతో సొంతంగా చేసుకునే పటాలు వందలకొద్దీ గీసి పాఠకులకు పంచాడు. తాను కట్టించుకున్న శ్రవణశాలకు ఓడ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. 2000లో కన్నుమూశాడు. కొద్ది జీతం మీద బతికేవాడి పక్షాన నిలబడి ఆడియో గురించి రాసిన మనిషిగా ఆయన్ని తలుచుకోవడం న్యాయం.

598 స్పీకర్లు మంచివా? ఆ ధరకు లోపల పెట్టిన సామాను చూస్తే నేటి లెక్కలో నమ్మశక్యం కాదు. పెద్ద కంపెనీలు లాభం వదులుకుని మరీ ఇచ్చిన సరుకు అది. చిక్కల్లా, దుకాణంలో పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు గెలవాలని చేసినవి కావడం. బరువుకు మార్కులు పడతాయని బరువు పెంచారు. అంత అయస్కాంతానికీ వూఫర్‌కీ తగిన ఆంప్లిఫయర్, రాతి దిమ్మెల పీఠం, గోడకు దూరం కావాలి. చిన్న గదిలో, మామూలు ఆంప్లిఫయర్‌తో చాలామంది విన్నది వాటి అసలు గొంతు కాదు. అదీగాక ఏడాదికో మోడల్ రావడంతో నిరుడు కొన్నది అప్పుడే పాతబడింది. అప్పటి జపాన్ నియమం ప్రకారం స్టీరియో తయారీ ఆపాక కంపెనీ విడిభాగాలు ఎనిమిదేళ్లు నిలవ ఉంచితే చాలు. ఆ తర్వాత వినియోగదారుడి అదృష్టం.

బుడగ ఆర్థికం పగిలాక ఆ కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. మిత్సుబిషి డయాటోన్ ఇంటి స్పీకర్ల నుంచి తప్పుకుంది. 1947లో ట్రాన్స్‌ఫార్మర్ల తయారీతో మొదలై, గొప్ప ఆంప్లిఫయర్లు చేసిన సాన్సుయ్ 2014లో దివాళా తీసింది. తెలుగు ఇళ్లకు ఆ పేరు వీడియోకాన్ వాళ్లు అమ్మిన టీవీల మీద తెలిసింది. దాని వెనక ఆంప్లిఫయర్ల చరిత్ర ఉందని చాలామందికి తెలియదు. ఆన్‌క్యో ఇంటి ఆడియో సంస్థ 2022లో దివాళాకు దరఖాస్తు చేసుకుంది.

పాత మేలురకం కూడా తేరగా దొరికిన సుఖం కాదు. జేబీఎల్ వూఫర్ల నురగ అంచులు పదీ పదిహేనేళ్లకు చేతికి అంటుకునే పొడిగా రాలిపోతాయి. మారాంజ్ 7 లోపలి నల్లటి కాగితపు కెపాసిటర్లు కరెంటు కారనిస్తాయి. వాటిని మారిస్తే యంత్రం క్షేమం, మార్చకపోతే మొదటి గొంతు నిలుస్తుందన్న వాదన అకిహబారాలో ఏళ్ల తరబడి నడిచింది. మొదటి కెపాసిటర్లు చెక్కుచెదరకుండా ఉన్నదానికి ధర ఎక్కువ, మార్చినదానికి తక్కువ. వాడుకకు కొనేవాడు మార్చినదే కొనాలి. దాచుకోవడానికి కొనేవాడి లెక్క వేరు. వాల్వుల సంగతీ అంతే. 1938 నాటి వెస్టర్న్ ఎలక్ట్రిక్ 300బి వాల్వు తయారీ 1988లో ఆగిపోగానే ఉన్నవాటి ధరలు ఎగబాకాయి. దాన్ని అంతగా కోరుకున్నవాళ్లలో చేత్తో ఆంప్లిఫయర్లు బిగించుకునే జపాన్ అభిమానులు ముందుంటారు. ఆ గిరాకీ వల్లనే 1997లో అమెరికాలో మళ్లీ తయారీ మొదలైంది.

ఈ వ్యాపారానికి పెద్ద గండం 2006లో వచ్చింది. విద్యుత్ పరికరాల భద్రత చట్టం 2001 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పీఎస్‌ఈ అనే భద్రతా గుర్తు లేని పరికరం అమ్మకూడదు. ఆడియో సామానుకు అయిదేళ్ల గడువిచ్చారు. అది 2006 మార్చి 31తో ముగుస్తుంది. గడువు దగ్గరపడ్డాక ప్రభుత్వ శాఖ ఈ నియమం సెకండ్‌హ్యాండ్ సరుకుకూ వర్తిస్తుందని గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. 1950ల ఆంప్లిఫయర్ మీద 2001 గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? కొట్లలో ఉన్న సరుకంతా ఒక్క రాత్రిలో చెత్త అవుతుంది. వ్యాపారులు వీధికెక్కారు. పాత సింథసైజర్లు, ఆంప్లిఫయర్లు తమ పనిముట్లంటూ సంగీతకారులు వాళ్లతో చేరారు. వాళ్లలో ర్యూయిచి సకమోతో ముందుండి సంతకాల సేకరణ నడిపాడు. వేలకొద్దీ సంతకాలు పడ్డాయి. మార్చిలో ప్రభుత్వం మెట్టు దిగి, అపురూపమైన పాత వాయిద్యాలకూ ఆడియో సామానుకూ మినహాయింపు జాబితా ప్రకటించింది. ఏది అపురూపమో, ఏది కాదో సర్కారు గుమాస్తా తేల్చడమేమిటన్న ప్రశ్న తప్పలేదు. 2007లో చట్టాన్నే సవరించి పాత సరుకు అమ్మకానికి అడ్డు తొలగించారు. ఆ రోజు వ్యాపారులు ఓడిపోయి ఉంటే ఒక తరం మెకానిక్కుల పని కూడా వాళ్లతో పోయేది.

పట్టాల కింది అంగళ్ల సముదాయాల్లో పేరున్న రేడియో స్టోర్ 2013లో మూతపడింది. ఉన్నవాళ్లు వయసు మళ్లారు, కూర్చునే కొత్తవాళ్లు రాలేదు. బేరాలు అకిహబారాతో పాటు ఒచనోమిజుకూ, నగోయాలోని ఓసు బజారుకూ పంచుకుపోయాయి. ఇప్పుడు అక్కడి సెకండ్‌హ్యాండ్ కొట్లలో 598 యుద్ధం నాటి స్పీకర్లు కూడా ఉన్నాయి. వాటిని చేసిన కంపెనీల్లో చాలా ఆ పని మానేశాయి. ఆనాటి కొన్ని వూఫర్ల గుడ్డ అంచులు గట్టిపడి బిగుసుకుపోతే, మందు పూసి మెత్తబరిచే పనివాళ్లు పుట్టుకొచ్చారు. సత్తువ ఉన్న ఆంప్లిఫయర్‌కు కలిపి, తగిన పీఠం మీద పెట్టి వింటే, 1980లలో చాలామంది వినని గొంతు అవి ఇప్పుడు వినిపిస్తున్నాయి.

గారార్డ్ సంగతి ఇంకోలా తిరిగింది. 1979లో బ్రెజిల్ కంపెనీ గ్రాడియెంటె చేతికి పోయి, కొన్నేళ్లకు స్విండన్ తయారీ ఆగిపోయింది. 2018లో ఆ పేరు ఇంగ్లండ్‌లోని ఎస్‌ఎంఈ సంస్థకు దక్కింది. ఎస్‌ఎంఈ అప్పటికే పుణె వ్యాపారి, ఒకప్పటి బీసీసీఐ కార్యదర్శి అజయ్ శిర్కేకు చెందిన కేడెన్స్ గ్రూపు చేతిలో ఉంది. స్టెయినింగ్ అనే చిన్న ఊళ్లోని కర్మాగారంలో పాత 301లను విప్పి, అరిగిన భాగాలు మార్చి, రంగు వేసి, గారార్డ్ పేరుతోనే మళ్లీ అమ్ముతున్నారు. అరవై, డెబ్భై ఏళ్ల కిందటి ఆ ఒక్క ప్లేయర్ ధరకు ఇవాళ మంచి మధ్యరకం కొత్త ప్లేయర్లు పదికి పైగా వస్తాయి.